బి.కామ్. తర్వాత అమెరికాలో హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీ: ఏం నేర్పుతారు, ఏం వస్తుంది, ఏం రాదు

మీరు అడిగింది ఇది: గుంటూరులో బి.కామ్. చేసి, పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చారు. గ్రీన్ కార్డు ఈమధ్యే చేతికొచ్చింది. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. గుడికి వచ్చే పెద్దవాళ్ళకు ఫారాలు నింపిపెట్టడం, ఆస్పత్రికి తోడు వెళ్ళడం మీకు అలవాటు. దగ్గరలోని కాలేజీలో హ్యూమన్ సర్వీసెస్ బ్యాచిలర్స్ ఉందట. అందులో ఏం చెబుతారు, సోషల్ వర్క్‌కీ దానికీ తేడా ఏమిటి, 36 ఏళ్ళ వయసులో మొదలుపెట్టవచ్చా అని మీ ప్రశ్న.

నేను ఆ డిగ్రీయే చేశాను. 14 ఏళ్ళుగా కేస్ మేనేజర్‌గా, అంటే ఒక్కో మనిషికి కావలసిన సాయం ఎక్కడుందో చూసి అందేలా చేసే పని చేస్తున్నాను. ఆరేళ్ళుగా ప్రాక్టికమ్‌కి, అంటే చదువులో భాగంగా సంస్థల్లో పని నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులను చూసుకునే బాధ్యత కూడా నాదే. వయసు సంగతి ముందే చెప్పేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ముప్పై దాటినవాళ్ళే. పిల్లల్ని బడిలో దింపి క్లాసుకు వచ్చేవాళ్ళు ఎంతమందో. దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. ఆలోచించాల్సిన విషయాలు వేరే ఉన్నాయి.

మీరు గుడిలో చేస్తున్న పనిని చూసుకుంటే, ఇదంతా వచ్చు కదా, కాగితం కోసమే చదవాలి కదా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. నా ప్రాక్టికమ్ ఒక సీనియర్ సెంటర్‌లో జరిగింది. ఒక పెద్దావిడ మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ఫారం పట్టుకుని వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, ఇంగ్లీషు అంతంతమాత్రం. పది నిమిషాల్లో మొత్తం నేనే నింపి, సంతకం చేయించి పంపేశాను. ఆవిడ నా చేతులు పట్టుకుని దీవించింది. చదువయ్యాక నేను అక్కడే ఉద్యోగంలో చేరాను. ఏడాది తిరిగేసరికి ఆవిడకు రెన్యూవల్ ఉత్తరం వచ్చింది. అదేమిటో తెలియక, విప్పకుండా సొరుగులో పెట్టేసింది. కవరేజీ ఆగిపోయింది. ఆ సంగతి మందుల షాపులో డబ్బులు కట్టమన్నప్పుడు తెలిసింది. నా సూపర్‌వైజర్ నన్ను కోప్పడలేదు. "ఆ రోజు పెన్ను ఎవరి చేతిలో ఉంది?" అని మాత్రం అడిగింది.

ఈ డిగ్రీలో అన్ని సబ్జెక్టులూ తిరిగి తిరిగి వచ్చేది ఆ ప్రశ్న దగ్గరికే. సాయం చేయాలన్న మనసు మీకు ఇప్పటికే ఉంది. ఎదుటి మనిషి పని ఆ మనిషి చేతిలోనే ఉంచుతూ పక్కన నిలబడడం ఎలాగో నేర్పడానికే ఈ చదువు.

ఈ కోర్సు ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1963లో అధ్యక్షుడు కెనెడీ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ చట్టం మీద సంతకం చేశారు. పెద్ద పెద్ద మానసిక వైద్యశాలల్లో ఏళ్ళ తరబడి ఉంచేసిన మనుషులను ఊళ్ళలోకి తెచ్చి, ఇంటికి దగ్గరలోనే వైద్యం చేయాలన్నది దాని ఉద్దేశం. మనుషులు బయటికైతే వచ్చారు. వాళ్ళకు ఇల్లు వెతికిపెట్టేవాళ్ళు, మందులు వేసుకుంటున్నారో లేదో చూసేవాళ్ళు, ఆఫీసుల చుట్టూ తోడు తిరిగేవాళ్ళు లేరు. సైకియాట్రిస్టులు, సోషల్ వర్కర్లు చాలినంత మంది లేకపోవడంతో ఆ పనికి కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ళ కోర్సులు మొదలయ్యాయి. తర్వాత అవి నాలుగేళ్ళ డిగ్రీలుగా ఎదిగాయి. అందుకే ఇందులో సైకాలజీ కొంత, సోషియాలజీ కొంత, చట్టం కొంత, ఆఫీసు నిర్వహణ కొంత కలిసి ఉంటాయి. దేంట్లోనూ స్పెషలిస్టును తయారుచేయదు. అన్ని తలుపులూ ఎక్కడున్నాయో తెలిసిన మనిషిని తయారుచేస్తుంది.

డిగ్రీ మొత్తం 120 క్రెడిట్లు ఉంటుంది. మొదటి రెండేళ్ళలో ఎక్కువ భాగం అందరికీ ఉండేవే: ఇంగ్లీషు కాంపొజిషన్, గణితం, ఏదో ఒక సైన్స్, సైకాలజీ, సోషియాలజీ పరిచయం. ఇంగ్లీషు రాయడం మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

తర్వాత మనిషి ఎదుగుదల మీద ఒక కోర్సు ఉంటుంది. పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది దశలు, పిల్లవాడి చుట్టూ ఇల్లు, బడి, ఊరు, చట్టం వలయాలుగా ఎలా ఉంటాయో చెప్పిన బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ సిద్ధాంతం ఇందులో వస్తాయి. ఆ వలయాలు నాకు ఇప్పటికీ పనికొస్తాయి. పిల్లవాడు బడికి వెళ్ళనని మొండికేస్తున్నాడంటే తప్పు పిల్లవాడిదేనా, తండ్రి ఉద్యోగం పోయిందా, అద్దె కట్టలేక ఇల్లు మారారా అని చూసే అలవాటు అక్కడే వస్తుంది. ఇంకో కోర్సులో డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, వ్యసనాల గురించి చెబుతారు. వాటిని గుర్తుపట్టి సరైన చోటికి పంపడం వరకే నేర్పుతారు. జబ్బు ఫలానా అని నిర్ధారించే అధికారం ఈ డిగ్రీతో రాదు.

అన్నిటికంటే కష్టంగా అనిపించే క్లాసు వేరే ఉంది. ఇంటర్వ్యూయింగ్ స్కిల్స్ అనో, హెల్పింగ్ స్కిల్స్ అనో పేరు ఉంటుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు క్లయింట్‌గా, ఒకరు వర్కర్‌గా మాట్లాడమని వీడియో తీస్తారు. తర్వాత అందరూ చూస్తుండగా ఆ వీడియోను ఆపి ఆపి వేస్తారు. నా మొదటి వీడియోలో ఎదుటమ్మాయి రెండు వాక్యాలు మాట్లాడేసరికి నేను మూడు సలహాలు ఇచ్చాను. మన ఇళ్ళలో ప్రేమను సలహా రూపంలోనే చూపిస్తాం. "అలా కాదమ్మా, ఇలా చెయ్యి", "కొంచెం సర్దుకుపో", "మా పెద్దమ్మ కూతురికీ ఇలాగే అయింది". ఈ మూడూ ఆ క్లాసులో మానేయాలి. మూడు వారాలు నాకు మాటే రాలేదు.

ఆ స్థానంలో నేర్పేవి ఇవి. అవును, కాదు అని తేల్చేయలేని ప్రశ్న అడగడం. క్లయింట్ చెప్పినదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా విన్నానా అని చూసుకోవడం. క్లయింట్ ఇప్పటికే చేసిన మంచి పనిని గుర్తించి చెప్పడం. చివర్లో మొత్తం ఒకసారి కలిపి చెప్పడం. మిల్లర్, రోల్‌నిక్ అనే ఇద్దరు రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతికి ఇవే పునాది. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని "ఎందుకు వెళ్ళిపోలేదు?" అని అడిగితే ఆవిడ తనను తాను సమర్థించుకోవాల్సి వస్తుంది. "ఆ రోజు రాత్రి మీరేం చేశారు?" అని అడిగితే చెప్పుకుంటూ వస్తుంది. దీనికి తోడు మౌనం. ఎదుటివాళ్ళు ఆగిపోతే ఆ ఖాళీని మనం మాటలతో నింపకూడదు. ఇరవై సెకన్లు ఊరుకుని చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అసలు విషయం చాలాసార్లు ఆ ఇరవై సెకన్ల తర్వాతే బయటికి వస్తుంది.

కేస్ మేనేజ్‌మెంట్ కోర్సులో పని వరుస నేర్పుతారు: మొదటి ఇంటర్వ్యూ, అవసరాల అంచనా, ప్లాన్, ఇతర సంస్థలకు పంపడం, మళ్ళీ మళ్ళీ కనుక్కోవడం, కేసు ముగించడం. మూడు తరాల కుటుంబాన్ని గీతలతో ఒక కాగితం మీద గీసే జెనోగ్రామ్, ఆ కుటుంబానికి బయట ఎవరెవరితో సంబంధం ఉందో చూపే ఎకోమ్యాప్ కూడా ఇక్కడే గీయిస్తారు. మన ఉమ్మడి కుటుంబాలు, మేనరికాలు గీయబోతే నా కాగితం చాల్లేదు.

ఇక ఇంగ్లీషు రాయడం మీద శ్రద్ధ పెట్టమన్నది నోట్స్ కోసం. ప్రతి మాటామంతీ తర్వాత ఫైల్లో నోట్ రాయాలి. "క్లయింట్ నిర్లక్ష్యంగా ఉంది" అని నా విద్యార్థి ఒకమ్మాయి రాసింది. మార్చి రాయమన్నాను. "క్లయింట్ రెండు అపాయింట్‌మెంట్లకు రాలేదు. బస్సు పాస్ అయిపోయిందని, ఈ నెల కొత్తది కొనలేకపోయానని చెప్పింది" అని రాసింది. మొదటిది మన అభిప్రాయం. రెండోది జరిగిన విషయం, పైగా దాన్ని చూడగానే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది. ఆ ఫైల్ రేపు కోర్టుకు వెళ్ళవచ్చు, జడ్జి చదవవచ్చు, క్లయింటే అడిగి చదువుకోవచ్చు. అందుకే సెమిస్టర్ అంతా నోట్స్ రాయిస్తూనే ఉంటారు.

చట్టాలు, పథకాల కోర్సు పేరు సోషల్ పాలసీ అనో, సోషల్ వెల్ఫేర్ అనో ఉంటుంది. చాలామంది దీన్ని బోర్ అంటారు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం, 1965లో వచ్చిన మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళ ఆరోగ్య బీమా), మెడికెయిడ్, వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏ.డి.ఏ., నగదు సాయానికి షరతులు పెట్టిన 1996 నాటి సంక్షేమ సంస్కరణ, ఇవన్నీ చరిత్రతో సహా చదివిస్తారు. చరిత్ర ఎందుకంటారా? 1996 చట్టం వల్లే గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళలో చాలామందికి మెడికెయిడ్ వంటి వాటికి మొదటి ఐదేళ్ళు ఆగాల్సి వస్తోంది. మీ గుడికి వచ్చే పెద్దవాళ్ళకు పిల్లల ద్వారా కార్డు వచ్చి ఉంటుంది. 65 ఏళ్ళు నిండి, గ్రీన్ కార్డు మీద ఇక్కడ వరుసగా ఐదేళ్ళు ఉంటే, ఉద్యోగం చేయకపోయినా ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చు. ఈ రెండు ఐదేళ్ళూ వేర్వేరు నియమాలు. కలిపేసి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాంతో పెద్దవాళ్ళు నష్టపోతున్నారు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. స్నాప్, అంటే ఫుడ్ స్టాంపుల అప్లికేషన్ మీద 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఇంట్లో దాదాపు ఏమీ లేని పరిస్థితి అయితే ఏడు రోజుల్లోనే ఇవ్వాలి. కాదంటే 90 రోజుల్లోపు హియరింగ్ అడగవచ్చు. ఆఫీసువాళ్ళు "రాదు" అంటే ఇంటికి తిరిగొచ్చేసేవాళ్ళకూ, "ఏ కారణం మీద రాదో రాసివ్వండి" అనేవాళ్ళకూ మధ్య తేడా ఈ కోర్సే. అలాగే 1987లో వచ్చిన మెకిన్నీ-వెంటో చట్టం. నిలువ నీడ పోయి స్నేహితురాలి బేస్‌మెంట్‌లో పిల్లలతో తలదాచుకుంటున్న తల్లి ఉందనుకోండి. చట్టం లెక్కలో ఆ పిల్లలు ఇల్లు లేనివాళ్ళే. కాగితాలు లేకపోయినా బడి వెంటనే చేర్చుకోవాలి. పాత బడిలోనే కొనసాగే హక్కు, అక్కడికి బస్సు ఏర్పాటు కూడా ఉంటాయి. మన తెలుగు తల్లులు ఇద్దరికి ఈ ఒక్క చట్టంతో పిల్లల చదువు ఆగకుండా చూడగలిగాను.

ఎథిక్స్ క్లాసులో ఒక కేసు తప్పకుండా వస్తుంది. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ప్రోసెన్‌జిత్ పొద్దార్ అనే భారతీయ విద్యార్థి తత్యానా తారాసాఫ్ అనే అమ్మాయిని చంపేశాడు. చంపాలనుకుంటున్నట్టు ముందే తన సైకాలజిస్టుకు చెప్పాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు చెప్పారు, వాళ్ళు పట్టుకుని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ తల్లిదండ్రులకు గానీ ఎవరూ చెప్పలేదు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవాళ్ళకు ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రహస్యం ఎక్కడిదాకా కాపాడాలి, ఎక్కడ చెప్పి తీరాలి అన్న చర్చ అంతా అక్కడి నుంచి మొదలవుతుంది. ఒక్కో రాష్ట్రంలో నియమం ఒక్కోలా ఉంటుంది. పిల్లలపై హింస జరుగుతోందని అనుమానం వస్తే న్యూజెర్సీలో ఉద్యోగంతో సంబంధం లేకుండా ఎవరైనా సరే చెప్పాల్సిందే.

రహస్యం కాపాడడం మన సమాజంలో ఇంకా కష్టం. కౌంటీలో ఉన్న తెలుగువాళ్ళంతా ఒకే గుడికి, ఒకే సంక్రాంతి ముగ్గుల పోటీకి వస్తారు. మీ క్లయింట్ అక్కడ ఎదురైతే మీరు ముందు పలకరించకూడదు. ఆమె పలకరిస్తే మామూలుగా మాట్లాడాలి. "ఈవిడ నీకెలా తెలుసు?" అని మీవారు అడిగినా చెప్పకూడదు. మీరిప్పుడు చేస్తున్న సాయంలో ఈ గీత లేదు. చదువు మొదలయ్యాక గీయాల్సి వస్తుంది, మొదట్లో కొందరు "ఈమధ్య మారిపోయింది" అనుకుంటారు కూడా.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రి ఇంగ్లీషు రానివాళ్ళకు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. దీనికి మూలం 1964 పౌరహక్కుల చట్టం. పదకొండేళ్ళ మనవరాలు నాయనమ్మకు క్యాన్సర్ అన్న మాటను తర్జుమా చేయాల్సి రావడం నేను కళ్ళారా చూశాను. ఆ పరిస్థితి రాకుండా "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని అడగాలని తెలిసిన మనిషి ఒకరు ఆ గదిలో ఉంటే చాలు. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం 1985 నుంచి మానవి సంస్థ పనిచేస్తోంది. న్యూయార్క్‌లో సఖి ఉంది. ఇలాంటి చోట్ల తెలుగు వచ్చి, పద్ధతి తెలిసినవాళ్ళ అవసరం ఎంత ఉందో నేను రోజూ చూస్తున్నాను.

రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామ్ నిర్వహణ, గ్రాంట్ (నిధుల కోసం అప్లికేషన్) రాయడం, ఇవీ ఉంటాయి. ఇక్కడ మీ బి.కామ్. అక్కరకొస్తుంది. గ్రాంట్ అప్లికేషన్‌లో బడ్జెట్ పేజీ దగ్గరికి వచ్చేసరికి నా విద్యార్థుల్లో చాలామంది తడబడతారు. డెబిట్, క్రెడిట్ తెలిసిన మీకు అది రెండు గంటల పని.

ప్రాక్టికమ్ లేకపోతే ఈ డిగ్రీకి అర్థమే లేదు. ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సి.ఎస్.హెచ్.ఎస్.ఇ. అనే సంస్థ 1979 నుంచి ఉంది. దాని ప్రమాణం ప్రకారం బ్యాచిలర్స్‌లో కనీసం 350 గంటలు ఫీల్డ్‌లో పనిచేయాలి. షెల్టర్, ఫుడ్ ప్యాంట్రీ, గ్రూప్ హోమ్, జైలు నుంచి విడుదలైనవాళ్ళకు సాయపడే కేంద్రం, ఏదైనా కావచ్చు. వారానికోసారి సూపర్‌వైజర్‌తో కూర్చోవాలి. ఒక సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసి, పక్కన ఆ క్షణంలో మీకేమనిపించిందో కూడా రాయాలి. నా దగ్గర ఒకబ్బాయి ఇలా రాస్తూ, తాగొచ్చిన క్లయింట్ ముందు తన గొంతు ఎందుకు మారిపోతోందో కనిపెట్టాడు. తన తండ్రి గుర్తొస్తున్నాడు. అది తెలిశాక అతను చాలా మంచి వర్కర్ అయ్యాడు. గుడిలో ఆదివారాలు ప్రాక్టికమ్‌గా లెక్కపెట్టించుకోవాలని ప్రయత్నించకండి. మీకు తెలియని మనుషుల మధ్యకు వెళ్ళండి.

ఇక సోషల్ వర్క్‌తో తేడా. దీన్ని చాలామంది ఆలస్యంగా తెలుసుకుని బాధపడతారు. సోషల్ వర్క్ బ్యాచిలర్స్, అంటే బి.ఎస్.డబ్ల్యు., కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ గుర్తింపు ఉన్న కోర్సు. ఫీల్డ్ వర్క్ కనీసం 400 గంటలు. అది చేసినవాళ్ళు న్యూజెర్సీలో సర్టిఫైడ్ సోషల్ వర్కర్‌గా నమోదు చేసుకోవచ్చు. తర్వాత ఎం.ఎస్.డబ్ల్యు.కి, అంటే సోషల్ వర్క్ మాస్టర్స్‌కి వెళ్తే చాలా యూనివర్సిటీల్లో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కింద రెండేళ్ళ కోర్సు దాదాపు ఏడాదిలో అయిపోతుంది. హ్యూమన్ సర్వీసెస్ చేసినవాళ్ళకు ఆ రెండూ లేవు. ఎం.ఎస్.డబ్ల్యు. చేయవచ్చు కానీ పూర్తి రెండేళ్ళు చదవాలి. హెచ్.ఎస్.-బి.సి.పి. అనే సర్టిఫికేషన్ ఉంది. అది అనుభవానికి గుర్తింపే, లైసెన్సు కాదు. కౌన్సెలింగ్ చేయాలని, ఎప్పటికైనా సొంతంగా ప్రాక్టీసు పెట్టాలని మీ మనసులో ఉంటే హ్యూమన్ సర్వీసెస్ చేయకండి. బి.ఎస్.డబ్ల్యు. గానీ నేరుగా ఎం.ఎస్.డబ్ల్యు. గానీ చూడండి. కేస్ మేనేజర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, తర్వాత ఒక సంస్థను నడిపే పని కావాలనుకుంటే ఈ డిగ్రీ సరిపోతుంది.

జీతం దాచకుండా చెబుతాను. సోషల్, హ్యూమన్ సర్వీస్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం 2023 మే నాటి కార్మిక గణాంకాల ప్రకారం ఏడాదికి 41 వేల డాలర్ల పైచిలుకు. ప్రోగ్రామ్ నడిపే మేనేజర్లకు అది 77 వేల దాకా ఉంది, దానికి ఏళ్ళు పడుతుంది. న్యూజెర్సీ అద్దెలకు మొదటి జీతం చాలదు. ఇంట్లో ఇంకొక సంపాదన ఉందో లేదో చూసుకుని అడుగు వేయండి. దీన్ని చదివే ఎఫ్-1 (విద్యార్థి వీసా) విద్యార్థులెవరైనా ఉంటే వాళ్ళకో మాట: ఈ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు, ఓ.పి.టి., అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి 12 నెలలే. ప్రాక్టికమ్‌కు బయటి సంస్థకు వెళ్ళాలంటే ముందుగా సి.పి.టి., అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి తీసుకోవాలి.

మీరు ఫీజు కట్టకముందు రెండు పనులు చేయండి. మీ గుంటూరు మార్కుల జాబితాలను క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్‌కు, అంటే ఇక్కడి చదువుతో పోల్చి అంచనా వేసేవాళ్ళకు పంపండి. మూడేళ్ళ బి.కామ్.కి ఎన్ని క్రెడిట్లు బదిలీ అవుతాయో తెలిస్తే మొదటి రెండేళ్ళలో చాలా భాగం తగ్గవచ్చు. కొన్ని యూనివర్సిటీలు మూడేళ్ళ డిగ్రీతోనే ఎం.ఎస్.డబ్ల్యు.కి తీసుకుంటాయి. అదే కుదిరితే రెండో బ్యాచిలర్స్ అవసరమే ఉండదు. రెండోది, గ్రీన్ కార్డు ఉంది కాబట్టి చదువు ఖర్చుకు ఫెడరల్ సాయం అడిగే ఫాఫ్సా అనే ఫారం నింపవచ్చు. కానీ ఒక బ్యాచిలర్స్ ఉన్నవాళ్ళకు పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం రాదు. మీ డిగ్రీని ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానంగా చూస్తారా లేదా అన్నది ఆ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

డిపార్ట్‌మెంట్‌వాళ్ళతో మాట్లాడేటప్పుడు గుర్తింపు ఉందా, ప్రాక్టికమ్ ఎన్ని గంటలు, చోటు వాళ్ళే చూపిస్తారా మనమే వెతుక్కోవాలా, సాయంత్రం గంటలు కుదురుతాయా, పోయినేడాది పాసైనవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. చివరి ప్రశ్నకు పేర్లు చెప్పక్కర్లేదు, ఎలాంటి సంస్థల్లో ఉన్నారో చెప్పగలగాలి. కోర్సు క్యాటలాగ్ తీసుకుని ఇక్కడ పెట్టండి. ఏ ఎలక్టివ్ తీసుకోవాలో, ఏది వదిలేయవచ్చో చూసి చెబుతాను.